రిమాండే శిక్షగా మారిన రాష్ట్రం

సోషల్ మీడియా కేసులపై మన టీవీ చర్చలు చాలాకాలంగా ఒకే లెక్క చుట్టూ తిరుగుతున్నాయి. ‘మీ హయాంలో ఎంతమందిని లోపలేశారు?’ అని ఒకరు, ‘మీరు రాయించిన బూతుల సంగతేంటి?’ అని ఇంకొకరు. అరుపులతోనే గంట గడిచిపోతుంది. ఈ రెండు వాదనల్లోనూ పౌరుడు లేడు, చట్టం అసలే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ మీడియా సెన్సార్‌షిప్ అరెస్టు మీద ఆధారపడి నడుస్తోంది. పోస్టు తీసేయించడం దాని అసలు ఉద్దేశం కాదు. ఎదుటి పార్టీ కింది స్థాయి కార్యకర్తను, ఏ పార్టీకీ చెందకుండా నోరెత్తే మామూలు మనిషిని వణికించడమే దాని పని. 2014 నుంచి ప్రభుత్వాలు రెండుసార్లు మారాయి. ఈ పద్ధతి మాత్రం మారలేదు.

ఇది నా అభిప్రాయం మాత్రమే అనుకునేవారు 2025 జూలై 5న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జారీ చేసిన సర్క్యులర్ చదవాలి. రాష్ట్రంలోని జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లందరినీ ఉద్దేశించి జారీ చేసిన సర్క్యులర్ అది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో నిందితుడిని రిమాండ్‌కు పంపే ముందు అర్నేష్ కుమార్ తీర్పును, మాటలపై కేసుకు ముందు ప్రాథమిక విచారణ కోరే ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పును పోలీసులు పాటించారో లేదో సరిచూసుకోవాలని, ఉల్లంఘిస్తే తీవ్రంగా పరిగణిస్తామని అందులో ఉంది. సుప్రీంకోర్టు 2014 జూలై 2న ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పును పదకొండేళ్ల తర్వాత ఒక హైకోర్టు తన సొంత మేజిస్ట్రేట్లకు గుర్తు చేయాల్సి వచ్చింది. అంటే ఆ తీర్పు అమలు కావడం లేదని హైకోర్టుకే అర్థమైంది. ఇంత పెద్ద విషయం మన చర్చల్లోకి ఎందుకు రాదు? అది రెండు పార్టీలనూ దోషులుగా నిలబెడుతుంది కాబట్టి.

అర్నేష్ కుమార్ తీర్పు వరకట్న కేసులో వచ్చింది. అది గీసిన గీత మాత్రం అన్ని కేసులకూ వర్తిస్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరమైతే యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. నోటీసు ఇచ్చి విచారణకు పిలవాలి. అరెస్టు తప్పనిసరి అనుకుంటే ఎందుకో కాగితం మీద రాయాలి. ఆ కారణాలు చూడకుండా రిమాండ్ ఇచ్చే మేజిస్ట్రేట్ కూడా శాఖాపరమైన చర్యకు గురికావాలి. నాటి సీఆర్‌పీసీ 41ఏ నోటీసే నేటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3) నోటీసు. పేరు, నంబరు మారినా గీత అక్కడే ఉంది.

ఇప్పుడు పోస్టుల మీద పెడుతున్న సెక్షన్లు చూడండి. భారతీయ న్యాయ సంహిత 352, ఉద్దేశపూర్వక అవమానం: రెండేళ్లు. 353, ప్రజల్లో అలజడి రేపే ప్రకటనలు: మూడేళ్లు. 196, వర్గాల మధ్య శత్రుత్వం: మూడేళ్లు. 336(4), పరువు తీసేందుకు ఫోర్జరీ: మూడేళ్లు. 356, పరువునష్టం: రెండేళ్లు. ఐటీ చట్టం 67, అశ్లీల ప్రచురణ: మొదటిసారి మూడేళ్లు. వీటిలో ఒక్కటీ ఏడేళ్ల గీతకు దగ్గరగా కూడా రాదు. అయినా తెల్లవారకముందే ఇంటి తలుపు తట్టడం, ఫోన్ లాక్కోవడం, జిల్లాలు దాటించి తీసుకెళ్లడం, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి రిమాండ్ కోరడం ఆగలేదు.

ఇలాంటి కేసుల్లో శిక్ష ఎప్పటికోగాని పడదు. అందుకే రిమాండే శిక్ష అయింది.

ఏడేళ్ల గీత అడ్డొస్తోందని తెలిశాక దాన్ని దాటించే దారి కూడా వెతికారు. 2024 నవంబర్ నుంచి సాగిన అరెస్టుల్లో కొన్ని కేసులకు సెక్షన్ 111, అంటే వ్యవస్థీకృత నేరం, జోడించారు. దాని కింద, ప్రాణనష్టం లేని నేరానికైనా, కనీస శిక్ష అయిదేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. కిడ్నాప్ ముఠాలు, సుపారీ హంతకులు, భూకబ్జా ముఠాల కోసం రాసిన సెక్షన్ అది. గడచిన పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలని ఆ సెక్షనే చెబుతోంది. ఫేస్‌బుక్‌లో నాలుగు పోస్టులు పెట్టినవాడికీ ఈ నిర్వచనానికీ ఏమిటి సంబంధం? మూడేళ్ల నేరాన్ని యావజ్జీవ నేరంగా చూపించాల్సిన అవసరం ఎవరికుంది? బూతులు ఆపాలనుకునేవాడికి లేదు. బెయిలు రాకూడదనుకునేవాడికే ఉంది.

గతం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పాఠకులకు గుర్తుంది. 2017 ఏప్రిల్‌లో తెలుగుదేశం ప్రభుత్వం ‘పొలిటికల్ పంచ్’ పేజీ నిర్వాహకుడిని అరెస్టు చేసింది. 2019 అక్టోబర్ 30న వైసీపీ ప్రభుత్వం జీవో 2430 తెచ్చి, పత్రికలు, టీవీలతో పాటు సోషల్ మీడియా మీదా ఫిర్యాదు చేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2007లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం తెచ్చి, నిరసనలతో పక్కన పెట్టిన జీవో 938కి అది కొనసాగింపే. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ విషవాయువు 12 మందిని బలిగొంటే, దాని మీద ప్రశ్నలు వేసిన గుంటూరు మహిళకు సీఐడీ నోటీసు ఇచ్చింది. ఆమె వయసు అరవై దాటింది. ఆమెను అరెస్టు చేయలేదు, నిజమే. నోటీసు కూడా ఎంత పని చేయగలదో ఆ కేసు చూపించింది.

2021 మే 14న వైసీపీ ప్రభుత్వం సొంత పార్టీ ఎంపీ రఘురామకృష్ణరాజును రాజద్రోహం కేసులో అరెస్టు చేసింది. వారంలో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అదే రఘురామ 2024 నవంబర్‌లో అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్ అయ్యారు. వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల అరెస్టులు ఊపందుకున్నది సరిగ్గా ఆ నెలలోనే. మాట్లాడినందుకు జైలుకు వెళ్లడం అంటే ఏమిటో తెలిసిన వ్యక్తి సభలో ఆ కుర్చీలో ఉండగా, బయట ఇతరులను అందుకే జైలుకు పంపడం ఈ ప్రభుత్వానికి ఇబ్బందిగా అనిపించలేదు.

ఇక మన శ్రీ సత్యసాయి జిల్లాకు వద్దాం. ఈ సెన్సార్‌షిప్ వెనక రాజకీయం ఎంత నగ్నంగా ఉందో ధర్మవరంలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. మాజీ ఎమ్మెల్యే కేతిరెడ్డి వెంకటరామిరెడ్డిని రాష్ట్రమంతటా తెలిసిన మనిషిని చేసింది ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’. తెల్లవారుజామున వీధుల్లో తిరుగుతూ అధికారులను నిలదీసిన ఆ వీడియోలు యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో లక్షల మంది చూశారు. 2023 యువగళం పాదయాత్రలో తెలుగుదేశం నేత నారా లోకేశ్ ఆయన మీద ఎక్కుపెట్టిందీ కెమెరానే. ఎర్రగుట్ట భూముల డ్రోన్ దృశ్యాలు చూపించి ఆక్రమణ ఆరోపణ చేశారు, కేతిరెడ్డి ఖండించారు. ఆ దృశ్యాలు ఊరూరా ఫోన్లలో తిరిగాయి. 2024లో బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ యాదవ్ ఇక్కడ 3,734 ఓట్లతో గెలిచి మంత్రి అయ్యారు. అంత చిన్న తేడాతో తేలిన ఎన్నికలో ఒక్కో వీడియో ఎంత బరువు తూగుతుందో ఇరుపక్షాలకూ తెలుసు. సోషల్ మీడియాను దారికి తెచ్చే చట్టం కోసం 2025 అక్టోబర్‌లో వేసిన మంత్రుల బృందానికి నాయకుడు లోకేశ్. అందులో సభ్యుడు సత్యకుమార్.

నిన్న ప్రతిపక్షంలో ఉన్నప్పుడు తాము వాడుకున్న అదే స్వేచ్ఛకు ఈరోజు ఈ నాయకులు హద్దులు గీసే పనిలో ఉన్నారు. అధికార పార్టీ ఎమ్మెల్యే భూములపై 2023లో డ్రోన్ ఎగరేసి ఆ ఆరోపణను ప్రచారం చేసినవారు, 2026లో ఒక మామూలు యువకుడు మంత్రి బంధువు లేఅవుట్ మీద అదే పని చేస్తే రక్షణ ఉంటుందని హామీ ఇవ్వగలరా?

హిందూపురం సంగతి వేరేమీ కాదు. 2022లో జిల్లా కేంద్రం పుట్టపర్తికి పోతున్నప్పుడు ఎమ్మెల్యే బాలకృష్ణ హిందూపురంలో మౌనదీక్షకు కూర్చున్నారు. ప్రభుత్వ నిర్ణయాన్ని నిరసించే హక్కు ఆయనకు ఉన్నట్టే, ఈరోజు ఆయన ప్రభుత్వాన్ని ఫేస్‌బుక్‌లో నిలదీసే చిన్న వ్యాపారికీ ఉంది. 2021లో వైసీపీ గెలిచిన ఇక్కడి మున్సిపాలిటీ 2025 ఫిబ్రవరిలో, వార్డు ఎన్నికలు లేకుండానే, కౌన్సిలర్లు పార్టీ మారడంతో తెలుగుదేశం చేతికి వచ్చింది. తాను వేసిన ఓటు ఏమైందని అడగడానికి వార్డు వాట్సాప్ గ్రూపు తప్ప ఓటరుకు వేరే వేదిక ఏముంది? 2021 మార్చిలో ఏర్పడ్డ పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026 మార్చి వరకే. ఆ తర్వాత మళ్లీ ఓటర్ల ముందుకే వెళ్లాలి. అరెస్టుల భయం ఎవరికి లాభమో చెప్పడానికి ఈ ఒక్క తేదీ చాలు.

పోలీసుల సామర్థ్యం కూడా ఇక్కడే బయటపడింది. 2022 ఆగస్టులో అప్పటి హిందూపురం ఎంపీ పేరుతో ఒక వీడియో తిరిగితే, ఆయన అది మార్ఫింగ్ అన్నారు. అసలు ఫైలు దొరక్క నిజమో కాదో తేల్చలేమని అనంతపురం ఎస్పీ ప్రకటించారు. అధికార పార్టీ ఎంపీ విషయంలో అంత జాగ్రత్తగా ఆధారాలు వెతికిన వ్యవస్థ, ఒక కార్యకర్త ఫార్వర్డ్ చేసిన మెసేజ్ విషయంలో రాత్రికి రాత్రే నిర్ధారణకు ఎలా వస్తుంది?

బూతుల సమస్య లేదని నేను అనడం లేదు. నాయకుల ఇళ్లలోని ఆడవాళ్ల మీద రెండు శిబిరాల వాళ్లూ రాసిన రాతలు సిగ్గుచేటు. 2025 ఏప్రిల్‌లో మాజీ ముఖ్యమంత్రి జగన్ భార్య గురించి నీచంగా మాట్లాడిన తమ కార్యకర్తనే అరెస్టు చేశామని తెలుగుదేశం చెబుతుంది. ఆ మాటలకు శిక్ష పడాలి, నోటీసుతో, చార్జిషీటుతో, విచారణతో. పిల్లల విషయం వేరు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపు వారికి ఖాతాలు ఆపింది, దాని మీద చర్చ జరగాల్సిందే. కానీ పిల్లల రక్షణ పేరు చెప్పి పెద్దల నోరు కట్టే సెక్షన్లు తెస్తే ఒప్పుకోకూడదు. దేశభద్రతా అంతే. 2025 ఆగస్టులో ధర్మవరంలోనే ఉగ్రవాద వాట్సాప్ గ్రూపులతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై ఒకరిని అరెస్టు చేశారు. సైబర్ పోలీసుల సమయం వెళ్లాల్సింది అలాంటి చోటికి. నాయకుడి మీద మీమ్ వేసినవాడి ఇంటికి జీపు పంపితే ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది?

మాటకు మాటతో జవాబు చెప్పవచ్చని ఈ జిల్లాలోనే రుజువైంది. 2020 ఫిబ్రవరిలో పెనుకొండ సమీపంలోని కియా ఫ్యాక్టరీ తమిళనాడుకు పోతుందని ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ రాసింది. ఎర్రమంచి చుట్టుపక్కల వేల కుటుంబాల బతుకు దాని మీద ఉంది. ఆ భయాన్ని తగ్గించింది కంపెనీ ఖండన, పోలీసు కేసు కాదు. 2025 ఏప్రిల్‌లో పోలీసుల బట్టలూడదీస్తామన్న జగన్ మాటలకు రామగిరి ఎస్సై స్వయంగా వీడియోలో జవాబిచ్చారు. యూనిఫాంలో ఉన్నవారు నాయకులతో అలా వాదానికి దిగవచ్చా అన్నది వేరే చర్చ. తనకు కోపం వస్తే వీడియోతో జవాబిచ్చే హక్కు ఎస్సైకి ఉందని చప్పట్లు కొట్టినవాళ్లు, అదే హక్కు పౌరుడికి లేదని ఎలా అంటారు?

ఏడేళ్ల గీత దాటితే ఏమవుతుందో సినీ నటుడు పోసాని కృష్ణమురళి కేసు చూపించింది. ఆయన మాట్లాడిన తీరును నేను సమర్థించను. 2025 ఫిబ్రవరి 26న హైదరాబాద్‌లో పట్టుకుని ఓబులవారిపల్లెకు, రాజంపేట జైలుకు, పీటీ (ఖైదీ తరలింపు) వారెంట్ల మీద నరసరావుపేటకు, ఆదోనికి, చివరికి గుంటూరుకు తిప్పారు. బయటికొచ్చింది మార్చి 22న. ఒక చోట బెయిలు వచ్చేలోపు ఇంకో జిల్లా పోలీసులు సిద్ధం. సినిమా మనిషికి లాయర్లున్నారు. ధర్మవరంలో చీరల ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఆర్డర్లు తీసుకునే నేత కార్మికుడికి ఎవరున్నారు? ఫోన్ సీజ్ చేస్తే అతని దుకాణం మూసినట్టే. అదే ఏడాది జూన్ 9న జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావును, తన టీవీ చర్చలో వేరొకరు చేసిన వ్యాఖ్యకు, అరెస్టు చేస్తే సుప్రీంకోర్టు నాలుగు రోజుల్లో విడుదల చేయమంది. ఢిల్లీ దాకా వెళ్లగలిగినవారికి నాలుగు రోజులు. వెళ్లలేనివారికి ఎన్ని?

ఇప్పుడు మంత్రుల బృందం కొత్త చట్టం గురించి ఆలోచిస్తోంది. ఉన్న చట్టాన్ని హైకోర్టు హెచ్చరించినా పాటించని వ్యవస్థ చేతికి ఇంకొక చట్టం ఇవ్వడం దుర్మార్గం. సత్యకుమార్ గారిని, పెనుకొండ ఎమ్మెల్యే, మంత్రి సవిత గారిని, హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గారిని ఈ జిల్లా ప్రజలు అడగాల్సింది ఒక్క లెక్కే. 2024 జూన్ నుంచి సోషల్ మీడియా కేసుల్లో ఏడేళ్ల లోపు శిక్ష పడే సెక్షన్ల కింద ఎంతమందిని 35(3) నోటీసు లేకుండా అరెస్టు చేశారు? ఎన్ని కేసుల్లో సెక్షన్ 111 పెట్టారు, ఎన్నింటిలో కోర్టులో నిలబడింది? ఈ లెక్కను స్టేషన్ వారీగా, పార్టీ పేరు లేకుండా, అసెంబ్లీలో పెట్టండి. 2019 నుంచి 2024 దాకా వైసీపీ లెక్కా పెట్టండి, మీకే లాభం. అది బయటపెట్టకుండా తెచ్చే ఏ బిల్లునైనా ఎన్నికల సరంజామాగానే చూస్తాం. జూలై 5 సర్క్యులర్ గుర్తు చేసిన తీర్పులను ఉల్లంఘించి రిమాండ్ కోరిన ప్రతి అధికారి పేరూ హైకోర్టు ముందుకు వెళ్లాలి.