దారం కొసన గుడ్డు

నిరుడు మా పెరటి చిక్కుడుపాదుకు బూజు పట్టిందని తీర్పు చెప్పినవాణ్ణి నేనే. ఆకుల అడుగున వెంట్రుకల్లాంటి తెల్లని పోగులు, ఒక్కొక్క పోగు కొసన నలుసంత బొడిపె. తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేశాను. ఆ తరవాత పేనుబంక పాదునంతా కమ్మేసింది. "ఎమ్మే చదివినవాడివి, పుస్తకాలు తుడుచుకోరాదూ?" అంది మా అమ్మ.

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు గారు సంగతి విని తల పట్టుకున్నారు. అవి అల్లికరెక్కల పురుగు గుడ్లట! తల్లి ఆకు మీద జిగురుబొట్టు పెట్టి, పొట్ట పైకెత్తి దాన్ని దారంగా సాగదీసి, కొసన గుడ్డు నిలుపుతుంది. చీమల భయం ఒకటి, తోబుట్టువుల భయం మరొకటి. ముందు పుట్టిన పిల్ల ఆకలేస్తే పక్క గుడ్డునైనా వదలదు. పేనుబంక పాలిట యముడూ ఆ పిల్లే. కొడవళ్ళ వంటి బోలుకోరలు గుచ్చి రసం పీల్చేస్తుంది.

జపానులో ఈ గుడ్లను ఉదుంబర పుష్పాలంటారు. ఉదుంబరమంటే మన మేడి. పువ్వు కంటికి కనబడని చెట్టు! అక్కడివారు పువ్వన్నదాన్ని నేను బూజన్నాను.

ఈ పురుగుల్లో ఒక ప్రజాతికి 1815లో లీచ్ పెట్టిన పేరు క్రైసోపా. గ్రీకు మాట, బంగారుకన్ను అని చెప్పుకోవచ్చు. క్రైసోపెర్లా అన్న పేరు 1964లో స్టైన్‌మన్ పెట్టాడు. చూపులకు రెండూ ఒకటే. కాని క్రైసోపాలు రెక్కలొచ్చినా వేట మానవు. క్రైసోపెర్లాలు మాత్రం పూదేనె, పుప్పొడి, పేనుబంక విడిచే తీపిజిగురుతో కాలక్షేపం చేస్తాయి.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. యూరపులో, ఆసియాలో, అమెరికాలో కనిపించే క్రైసోపెర్లాలను చాలాకాలం కార్నియా అనే ఒకే జాతిగా లెక్కకట్టారు. అమెరికాలో చార్లెస్ హెన్రీ ప్రభృతులు వాటి పాట పట్టుకున్నారు. పాటంటే గొంతుతో కాదు లెండి. పొట్ట కిందికీ పైకీ ఊపితే ఆ అదురు కాళ్ళగుండా ఆకులోకి పాకుతుంది. ఆకు మీదున్న జోడు కాళ్ళతోనే విని బదులిస్తుంది. తాళం కలిస్తేనే పెళ్ళి! ఒకే పోలికతో ఉన్నవి వేరువేరు తాళాలవని తేలేసరికి ఒక కార్నియా కాస్తా అనేక జాతులైంది. మన పొలాల్లో కార్నియాగా చలామణీ అయినది జాస్ట్రోవి సిల్లెమి అని 2010లో తేల్చారు. వ్యాకరణంలో ధ్వనిభేదంతో అర్థభేదం చెప్పే నాకు ఇది మహా నచ్చింది.

మొన్న రాత్రి దీపం దగ్గర గోడ మీద ఒకటి వాలింది. లేతపచ్చ ఒళ్ళు, వలలాంటి రెక్కలు, నిజంగానే బంగారుకళ్ళు. దగ్గరికి వెళ్ళబోయాను.

"దాని జోలికి పోకు," అంది అమ్మ.