అవ్వల పుట్టిళ్లు



మొన్న మా యమ్మాయి చారిత్రక నవల యొకటి చదివి కన్నీరు పెట్టెను. అందలి నాయికకు, తన యవ్వలలో నొకతె యూదురాలనియు, వేఱొకతె మహమ్మదీయురాలనియు పెట్టె యడుగు నుత్తరముల వలన తెలియును. "మన దేశమున నిట్టిది కలదా, అమ్మా?" యని యడిగెను.

తిరుమల కొండ క్రింద కాపురమున్న మాకు తొలుత బీబీ నాంచారమ్మ తలపునకు వచ్చినది. సుల్తాను కూతురు స్వామిని వలచి వచ్చినదని జనులు చెప్పుకొను కథ. చరిత్రకు నిలుచునో లేదో గాని, నేటికిని ఉగాదినాడు దేవుని కడపలో ముస్లిములు స్వామిని తమ యింటి యల్లునిగా నెంచి దర్శించి పోవుదురు.

యూదుల మాటయు తెలుగునాట కలదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున కొన్ని మాదిగ కుటుంబములవారు తాము ఇశ్రాయేలీయులలో ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొని, 1991లో ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి. పెద్దల నోటిమాటయే వారి కాధారము. ఋజువేదని యడుగువారు కలరు. ఊరి వెలుపల నుంచబడినవారికి వంశచరిత్ర వ్రాసిపెట్టిన దెవరు?

అంత దూరమేల? మా యింట తర్పణమున మూడు తరముల యవ్వల పేర్లు వినబడును, ఆపైన లేవు. వారి పుట్టిళ్లు మొదలే లేవు.

ఆ రాత్రి అత్తగారి నడిగితిమి. "ఇన్నేండ్లకు అడిగితివా!" యని, తన యవ్వ పుట్టిన యూరు చెప్పిరి. అమ్మాయి వ్రాసికొనుచున్నది: విన్నది సిరాతో, ఊహించినది పెన్సిలుతో. రెండును కలిపి చెరపవలదని మాత్రము చెప్పితిమి.