తాళం చేతికిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు

లేపాక్షి చుట్టుపక్కల చేలల్లోకి కొత్త రకం ట్రాక్టర్లు దిగుతున్నాయి. స్టీరింగ్‌కు ఎడమ పక్కన చిన్న లివర్ ఉంటుంది. ముందుకు తోస్తే బండి ముందుకు, వెనక్కి లాగితే బండి వెనక్కి. దిశ మార్చడానికి క్లచ్ తొక్కే పని లేదు, గేర్ రాడ్డుతో కుస్తీ లేదు. దీన్ని హైడ్రాలిక్ షటిల్ అంటున్నారు. షోరూంలో అడిగితే ఒకటే మాట: "దీనికి నేర్చుకునేదేముంది అన్నా, చిన్నపిల్లోడు కూడా తోలేస్తాడు."

ఈ మాట అబద్ధం. ప్రాణాల మీదికి తెచ్చే అబద్ధం. అందుకే ఈ నెల ఈ సంగతి రాస్తున్నాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాం. మేము యంత్రానికి వ్యతిరేకం కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తంలో వచ్చే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ వాన కూడా మనం పిలిస్తే రాదు. వచ్చినప్పుడు పదును నిలిచేది రెండు మూడు రోజులు. ఆ రెండు మూడు రోజుల్లోనే శనక్కాయ విత్తు పడాలి. కాడెద్దులు ఉన్న ఇళ్లు ఊరికి ఎన్ని మిగిలాయో మీకు తెలుసు. మన చేలు చిన్నవి. నాలుగు సాళ్లు పోయేసరికి గెనిమ అడ్డం వస్తుంది, బండి తిప్పాలి. మల్బరీ తోటలో సాళ్ల మధ్య సందు తక్కువ, ముందుకూ వెనక్కూ ఆడించనిదే మలుపు తిరగదు. దిబ్బలోని ఎరువు లోడర్‌తో ఎత్తాలన్నా, చేను చదును చేయాలన్నా క్షణానికోసారి దిశ మార్చాల్సిందే. అలాంటి చోట ఈ లివర్ మోకాలి నొప్పినీ, కాలాన్నీ, డీజిల్‌నూ మిగులుస్తుంది. మంచి యంత్రమే. దాన్ని నడిపే మనిషికి ఎవరూ ఏమీ నేర్పకపోవడం మీదే మా పోట్లాట.

లోపల ఏముందో తెలిస్తే సంగతి అర్థమవుతుంది. పాత ట్రాక్టర్‌లో ఇంజన్ బలం క్లచ్ ప్లేటు గుండా, ఇనుప గేర్ల పళ్ల గుండా చక్రానికి చేరుతుంది. ఇంజన్ ఆగినా గేర్లో ఉంటే ఆ పళ్లు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. హైడ్రాలిక్ షటిల్‌లో అలా కాదు. నూనెలో మునిగిన రెండు క్లచ్ కట్టలు ఉంటాయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. లివర్ వేసినప్పుడు నూనె ఒత్తిడి వచ్చి ఆ కట్టను బిగిస్తుంది. ఆ ఒత్తిడి పుట్టించేది ఇంజన్‌తో తిరిగే పంపు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, ఒత్తిడి పోతుంది, రెండు కట్టలూ వదిలేస్తాయి. ఇంతే సూత్రం. ఈ ఒక్క సూత్రం మన డ్రైవర్లకు ఇరవై ఏళ్లుగా అలవాటైన పనులను తలకిందులు చేస్తుంది.

మొదటిది, గేర్లో నిలబెట్టడం. చెరువు కట్ట మీద, దిన్నె వాలులో బండి ఆపి, గేర్ వేసి, తాళం తీసి దిగిపోవడం మనకు మామూలు. ఈ బండిలో గేర్ ఉన్నా, లివర్ ముందుకే ఉన్నా, ఇంజన్ ఆగాక చక్రానికి పట్టు ఉండదు. మన గుళ్లో వేలాడే స్తంభం లాంటిదన్నమాట. ఆనినట్టే కనిపిస్తుంది, ఆనదు. పట్టేది పార్కింగ్ బ్రేకు ఒక్కటే. అది లాగకుండా దిగితే, వెనకాల ట్రాలీలో కూలీలు కూర్చుని ఉంటే, ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వాలులో నడుస్తూ ఉండగా ఇంజన్ ఆగిపోయినా అంతే. ఇంజన్ బండిని అదిమి పడుతుందన్న భరోసా ఉండదు. వెంటనే బ్రేకు మీదికి కాలు పోవాలి.

రెండవది, తోసి స్టార్ట్ చేయడం. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోసో, ఇంకో బండికి కట్టి లాగో స్టార్ట్ చేస్తాం. ఇందులో అది జరగదు. ఒత్తిడి లేనప్పుడు చక్రం తిరిగినా ఇంజన్ తిరగదు. పైగా ఇంజన్ ఆగిన బండిని దూరం లాగితే లోపలి భాగాలకు నూనె అందక అరిగిపోతాయి.

మూడవది, స్క్రూడ్రైవర్ విద్య. తాళం పని చేయకపోతే కింద నిలబడి స్టార్టర్ మోటారు దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేయడం. లివర్ న్యూట్రల్లో ఉంటేనే ఇంజన్ లేవాలని పెట్టిన రక్షణను ఇది దాటేస్తుంది. ఇందులో మోసం ఏమిటంటే ఇంజన్ లేచిన వెంటనే బండి కదలదు. నూనె ఒత్తిడి పుంజుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఏమీ కాలేదనుకుని మనిషి చక్రం పక్కనే నిలబడి ఉంటాడు. అప్పుడు కదులుతుంది. కొన్ని మోడళ్లలో దీనికి ఎలక్ట్రానిక్ అడ్డు ఉంటుంది. మన బండిలో ఉందో లేదో చెప్పాల్సింది అమ్మినవాడు.

ఇక బండికి జరిగే నష్టం సంగతి. లివర్ తేలిగ్గా ఉంది కదా అని వేగంలో ఉండగానే వెనక్కి లాగితే ఆ వేడి అంతా క్లచ్ కట్టలే మింగాలి. పొద్దున్నే చల్లటి నూనెతో పరుగెత్తించకూడదు. కంపెనీ చెప్పిన నూనె తప్ప చేతికందిన ఇంజన్ ఆయిల్ పోయకూడదు. ఫిల్టర్ మార్చే గంటలు లెక్క పెట్టుకోవాలి, మన ఎర్రదుమ్ములో అయితే మరీను.

ఈ సంగతులన్నీ మాన్యువల్లో ఉంటాయి. కాదనం. కానీ మేము చూసిన మాన్యువళ్లు చాలావరకు ఇంగ్లీషువి. బండి ఇచ్చే రోజు ఏం జరుగుతుంది? టెంకాయ కొడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. దండేసి ఫోటో తీస్తారు. లివర్ రెండుసార్లు అటూ ఇటూ ఆడించి చూపిస్తారు. తర్వాత ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. అందులో 'నడిపే విధానం పూర్తిగా వివరించాం' అని ముందే అచ్చువేసి ఉంటుంది. ఆరు నెలలకు క్లచ్ కట్ట కాలిపోతే ఆ కాగితమే బయటికి వస్తుంది. 'డ్రైవర్ తప్పిదం, వారంటీ వర్తించదు' అంటారు. అప్పు రైతుది, తప్పు డ్రైవర్‌ది, లాభం మాత్రం వాళ్లది.

ఆ డ్రైవర్ ఎవరు? ఎక్కువమంది సెంటు భూమి లేని ఇళ్ల పిల్లలు, దినకూలీ మీద తోలేవాళ్లు. మన సంఘంలోని ట్రాక్టర్ యజమానులకు కూడా ఇక్కడే ఒక మాట. నేర్పకుండా తాళం చేతికిచ్చి, చెడిపోయాక కూలీలో కోత పెట్టడం న్యాయం కాదు. కంపెనీ మనకు చేసిందే మనం వాళ్లకు చేసినట్టవుతుంది.

"ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవర్లకు మళ్లీ శిక్షణ ఏమిటి?" అని కొందరు అడుగుతున్నారు. పైన చెప్పిన మూడు పనులూ అనుభవం ఉన్నవాళ్లు చేసేవే. కొత్తగా నేర్చుకునేవాడికి మరిచిపోవాల్సిన అలవాటేమీ ఉండదు. పాతవాడికే శిక్షణ ఎక్కువ అవసరం.

ప్రభుత్వాల సంగతికి వద్దాం. వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్‌ను కేంద్రం 2014-15లో మొదలుపెట్టింది. శిక్షణ, పరీక్ష, ప్రదర్శన దాని పనుల పట్టికలోనే ఉన్నాయి. రాష్ట్రంలో 2022 జూన్‌లో గుంటూరులో జెండా ఊపి రైతు గ్రూపులకు ట్రాక్టర్లు అప్పగించారు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. మా ఊళ్లలో మాకు కనిపించేది మాత్రం ఒకటే. సబ్సిడీ బండికి ఉంది, నడిపే మనిషికి లేదు.

నేర్పే చోటే లేదా అంటే, ఉంది. దక్షిణ భారతం మొత్తానికీ కేంద్రం పెట్టిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి గార్లదిన్నెలో ఉంది. మన పాత జిల్లాలోనే. కానీ లేపాక్షి నుంచి గార్లదిన్నెకు వంద కిలోమీటర్ల పైమాటే. దినకూలీకి బతికేవాడు కూలీ వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని అక్కడ రోజుల తరబడి ఉండగలడా? మూలవిరాట్టు గుడి దాటి రాకపోయినా ఉత్సవమూర్తి వీధుల్లోకి వస్తుంది కదా. ఆ సంస్థ బోధకులు కూడా బండి వేసుకుని మండలానికి రావాలి.

చట్టం కూడా మన వైపు ఉంది. ఆ 1983లోనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. పంట నూర్చే పవర్ థ్రెషర్లు కూలీల చేతులు తెగ్గొడుతుంటే చేసిన చట్టం అది. యంత్రం అమ్మడంతో బాధ్యత తీరదని దేశం అప్పుడే ఒప్పుకుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. హాని జరగకుండా సరిగ్గా వాడే పద్ధతిని తగినంతగా చెప్పకపోయినా, తప్పుగా వాడితే ప్రమాదమని హెచ్చరించకపోయినా తయారీదారు బాధ్యుడే. తెలుగు తప్ప మరో భాష చదవలేని రైతుకు ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి 'తగినంతగా చెప్పాం' అంటే చెల్లదన్నదే మా వాదన.

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం:

1. హైడ్రాలిక్ షటిల్ ఉన్న ప్రతి ట్రాక్టర్‌తో తెలుగు మాన్యువల్ ఇవ్వాలి. 'ఇంజన్ ఆగితే గేర్ పట్టదు, పార్కింగ్ బ్రేకు వేయండి' అన్న హెచ్చరిక సీటు ఎదురుగా తెలుగులో అంటించాలి.

2. బండి అప్పగించాక రైతు చేనులోనే, ఆయన పనిముట్లతోనే కనీసం రెండు రోజులు నేర్పాలి. యజమానికే కాదు, తోలే డ్రైవర్‌కు కూడా.

3. సబ్సిడీ చివరి వాయిదాను ఈ శిక్షణకు ముడిపెట్టాలి. నేర్పామని డీలర్ రాసిస్తే చాలదు, నేర్చుకున్నామని డ్రైవర్ సంతకం ఉండాలి.

4. గార్లదిన్నె సంస్థ ప్రతి వేసవిలో, విత్తుకు ముందే, మండల కేంద్రాల్లో శిబిరాలు పెట్టాలి. వచ్చిన డ్రైవర్లకు ఆ రోజుల కూలీ చెల్లించాలి.

5. శిక్షణ ఇవ్వని చోట 'డ్రైవర్ తప్పిదం' అన్న సాకుతో వారంటీ నిరాకరించడాన్ని నిషేధించాలి.

ఇవి సాధించేదాకా మనం చేయగలిగినవీ ఉన్నాయి. నేర్పకముందే ఆ అచ్చు కాగితం మీద సంతకం పెట్టకండి. పెట్టమని బలవంతం చేస్తే 'శిక్షణ ఇవ్వలేదు' అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకుని, అప్పుడు పెట్టండి. జేసీబీ తోలే మన కుర్రాళ్లకు ముందుకూ వెనక్కూ ఆడించే లివర్ కొత్త కాదు. ఊళ్లో అలాంటివాళ్లుంటే పిలిపించి మిగతావాళ్లకు చెప్పించండి. వారంటీ నిరాకరిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కాగితాలతో సంఘం దగ్గరికి రండి. వాలులో దిగే ముందు పార్కింగ్ బ్రేకు లాగారా లేదా అని ఒకరినొకరు అడగండి.

యంత్రానికి అప్పు కట్టేది మనం. దాని కింద పడితే పోయేది మన పిల్లలు. నేర్పమని అడగడం దేబిరింపు కాదు. కట్టిన డబ్బుకు రావాల్సిన బాకీ అది, వసూలు చేసుకుందాం.