పరీక్షకు కావలసినది పైకమా?

దాళ్వా కోతలు ముగిసి ధాన్యము అమ్ముడైన దినములలో, గోదావరి డెల్టాలోని రైతు ఇంట మరియొక లెక్క మొదలగును. బిడ్డను ఇంటర్మీడియట్‌లో చేర్పించవలెను. దానితోబాటు ప్రవేశపరీక్షకు శిక్షణ ఇప్పించవలెను. ఫీజు కట్టలేని తండ్రి తల వంచుకొనును. బిడ్డ పరీక్ష వ్రాయకమునుపే ఓడిపోయితిననుకొనును. ఈ భావన సరియైనదేనా యని ఉపాధ్యాయ సోదరులను అడుగదలచితిని.

శిక్షణాలయములు అమ్ముచున్నదేమి? విషయమా? అది రహస్యము కాదు గదా! ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంజనీరింగు విద్యార్థికి 160 ప్రశ్నలు: గణితము 80, భౌతికశాస్త్రము 40, రసాయనశాస్త్రము 40. అన్నియు ఇంటర్మీడియట్ పాఠములనుండి వచ్చునవే. తప్పు జవాబునకు మార్కు తీయరు. వైద్యవిద్యకైన నీట్ పరీక్షలో తప్పునకు ఒక మార్కు పోవును. కాని దానిని తెలుగులోను వ్రాయవచ్చును. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకములు అంతర్జాలమున ఉచితముగా లభించును. కేంద్ర విద్యాశాఖ కాన్పూరు ఐఐటీతో కలిసి 2023లో ప్రారంభించిన ‘సాథీ’లో పాఠములు, నమూనా పరీక్షలు పైకము లేకుండనే ఉన్నవి.

అట్లయిన తల్లిదండ్రులు అప్పు చేసి కొనుచున్నదేమి? నా అభిప్రాయమున మూడు వస్తువులు: వేళ తప్పని చదువు, వారము వారము పరీక్ష, తప్పు దిద్దు పెద్దదిక్కు. ఇవి మన పాఠశాలలో దొరకనిచో లోపము మనది, బిడ్డది కాదు.

కనుక నా సూచన ఇది. బడి విడిచిన తరువాత ఒక గది తెరచి ఉంచుడు. ఐదారుగురు విద్యార్థులు గడియారము ఎదుట పెట్టుకొని పాత ప్రశ్నపత్రము వ్రాయవలెను. ఒకరి జవాబులు మరియొకరు దిద్దవలెను. ప్రతి తప్పును వేరొక పుస్తకమున ఎక్కించి, అది విషయము తెలియక వచ్చినదా, తొందరలో వచ్చినదా, ప్రశ్నను సరిగా చదువక వచ్చినదా యని వ్రాసికొనవలెను. తెలియనిది మాస్టారిని అడుగవలెను. సాయంకాలము ఆడపిల్లలకు ఇబ్బందియైనచో, ఉదయము బడికి ముందు కూర్చుండవచ్చును. రాజమండ్రి విద్యార్థులకు గౌతమీ గ్రంథాలయము ఉండనే ఉన్నది.

ఉపాధ్యాయులకు ఇప్పటికే పనిభారము ఎక్కువ యందురు. నిజమే. అందుచేతనే రోజూ పాఠము చెప్పుమనుట లేదు; వారమునకు రెండు గంటలు చాలునని మాత్రమే అనుచున్నాను. ఒంటరిగా చదివినవాడు వెనుకబడుననుటయు నిజమే. కనుకనే కలిసి చదువుమనుచున్నాను.

ఇట్లు చదివిన ప్రతివానికి సీటు వచ్చునని చెప్పను. ఫీజు కట్టినవారికి మాత్రము అందరికి వచ్చుచున్నదా? 1895లో భీమవరమున జన్మించి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషనులో మూడవ యత్నమునగాని నెగ్గలేదు. అదియు మద్రాసు వెళ్లి వ్రాసినప్పుడు. తదుపరి అమెరికాలో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. రెండు మారులు తప్పినాడని ఆ బాలుని చదువు మాన్పించి ఉన్నచో నష్టము ఎవరిది?

పేదబిడ్డ చేతికి పుస్తకము ఇప్పటికే చేరినది. కూర్చుండుటకు చోటును, దిద్దుటకు మనిషిని ఇచ్చుట మన వంతు.