గజ్జి కుక్కను గెంటివేయుటకు ముందు

ఇంటి కుక్కకు వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబారినదంటే మనవారికి తోచే మాట ఒక్కటే: గజ్జి. ఆ వెంటనే పిల్లలకు అంటుకొంటుందన్న భయం. మరునాటికి కుక్క గుమ్మం బయట, మూడవనాటికి వీధిలో.

గత వేసవిలో ఒక గృహస్థు నా వద్దకు వచ్చి, పిల్లలకు వేపాకు నీటితో స్నానం చేయించవచ్చునా అని అడిగినారు. ఆరు నెలల కుక్కపిల్లకు కంటిచుట్టూ, ముంగాళ్లపై బోడి మచ్చలు వచ్చినవట. దురద లేదట. ఊరిచివర వదలి వచ్చినారట. ఆ సాయంత్రమే వెళ్లి వెదకమన్నాను. వెదకినారు, దొరకలేదు. పరీక్ష జరగనందున దాని రోగమేదో నిశ్చయంగా చెప్పలేను గాని, విన్న లక్షణాలు మనుష్యులకు అంటని రోగానివే.

కుక్క చర్మాన్ని ఆశ్రయించే పురుగు ఒక్కటే కాదు. సార్కోప్టిస్ చర్మాన్ని తొలుచుకొనిపోతుంది, దురద విపరీతం, మనుష్యులకూ తాత్కాలికంగా అంటుతుంది. డెమోడెక్స్ వేరు. అది వెంట్రుక కుదుళ్లలో నివసించేది. పాలు త్రాగే తొలి దినాలలోనే తల్లి నుండి పిల్లకు చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల చర్మంలో సైతం అది కొద్దిగా ఉంటుందని జన్యు పరీక్షలు చూపినవి. శరీరబలం తగ్గినపుడే అది పెచ్చుపెరిగి రోగమవుతుంది.

చరక సంహిత విమానస్థానం ఇరువది విధాల క్రిములను చెబుతూ సహజ క్రిములను ఆ లెక్కకు వెలుపల ఉంచినది. కనుక అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నవని చంకలు గుద్దుకొనే వారితో నేను ఏకీభవించను. చరకుడు డెమోడెక్స్‌ను చూడలేదు. చూచినవాని మాట వినడమే శాస్త్రం.

కుక్కలలోని డెమోడెక్స్‌ను ఆకారాన్ని బట్టి మూడుగా చెప్పేవారు: కేనిస్, పొడవైన ఇన్జాయ్, పొట్టిగా ఉండే కార్నియై. 2012లో స్పెయిన్ పరిశోధకులు మైటోకాండ్రియా జన్యుభాగాలను పోల్చి చూడగా, పొట్టిది కేనిస్‌కే మరొక రూపమని, పొడవైనది వేరే జాతి అని తేలినది. రూపాన్ని నమ్మి మోసపోవడం మనకు మాత్రం క్రొత్తదా? రాస్నా అన్న ఒక్క పేరుతో ఉత్తరాదిన ఒక మొక్కను, దక్షిణాదిన దుంపరాష్ట్రాన్ని వాడుతూనే ఉన్నాము కదా!

అయితే ప్రతి ఇంటి కుక్కకూ జన్యు పరీక్ష అక్కరలేదు. పశువైద్యుడు చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే డెమోడెక్స్ సాధారణంగా బయటపడుతుంది. సార్కోప్టిస్ మాత్రం గీకినా తరచు చిక్కదు. ఒకసారి కనబడలేదని లేదనుకోరాదు. పరీక్ష కాకముందు దురదకని స్టెరాయిడ్ మందు వాడరాదు. డెమోడెక్స్ దానితో మరింత విజృంభిస్తుంది. వాడిన ఇంజను నూనె, కిరసనాయిలు పూసే దురాచారం ఇంకా చూస్తున్నాను. కుక్క తన ఒళ్లు తానే నాకుకొంటుంది. పూసినదంతా కడుపులోకే పోతుంది. మీ పశువైద్యుని అడగకుండా నేను చెప్పిన లేపనమైనా సరే, దానికి పూయకండి.