కంపెనీ ఊరు, కరోనా కాలం

నగరానికి నీరు, విద్యుత్తు, పారిశుద్ధ్యం కంపెనీయే సమకూరుస్తున్నప్పుడు, మహమ్మారి వేళ పాలన ఎవరిది? 2020, 2021 సంవత్సరాలలో జంషెడ్‌పూర్ ఎదుర్కొన్న ప్రశ్న ఇది. ఆనాడు అక్కడ ప్రజలెన్నుకున్న పురపాలక మండలి లేదు. ఉన్నది నోటిఫైడ్ ఏరియా కమిటీ. ఉత్తర్వులు జిల్లా యంత్రాంగానివి. ప్రభుత్వ ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉన్నప్పటికీ, జనం చూపు టాటా మెయిన్ ఆసుపత్రి పైననే నిలిచింది.

2021 ఏప్రిల్‌లో దేశానికి ఊపిరి పోసినవి ఉక్కు కర్మాగారాలే. ఆ నెల 22న తొలి ఆక్సిజన్ రైలు ఏడు ట్యాంకర్లతో విశాఖ ఉక్కు నుండి మహారాష్ట్రకు బయలుదేరింది. మే నెలలో టాటా స్టీల్, కొవిడ్‌తో మరణించిన ఉద్యోగి కుటుంబానికి, అతనికి 60 ఏళ్ళు నిండవలసిన నాటి వరకు చివరి జీతమూ వైద్యమూ గృహవసతీ ప్రకటించింది. ఉదాత్తమైన నిర్ణయమే. అయితే ఆ రక్షణ హాజరు పట్టీలో పేరున్నవారికి.

పేరు లేని దినకూలీ, ఇంటి పనిమనిషి ఎవరిని అడగాలి? ఆ రోజులలో దేశమంతటా పడక కోసం మొదట వినిపించిన మాట, "లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అధికారికీ ఆసుపత్రికీ మధ్య ఒక్క ఫోను, ఫైలు కంటె వేగంగా ప్రాణం నిలిపిన సందర్భాలూ లేకపోలేదు. కాని ఆ ఫోను నంబరు అందరి వద్దా ఉండదు కదా!

మన కాలనీ ఆసుపత్రిలో కాంట్రాక్టు కార్మికుని కుటుంబానికి అత్యవసర సమయాన పడక ఇచ్చే నియమం వ్రాతపూర్వకంగా ఉన్నదా? తదుపరి సంక్షేమ సంఘ సమావేశంలో అడగదగిన ప్రశ్న.