పరుగు వీరులకు నడక పరీక్ష

గ్రేహౌండ్స్ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది పోలీసులే. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ మొదలుపెట్టిన ఆ దళానికి ఏ జాగిలాల పేరు పెట్టారో, ఆ జాగిలాలు మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి సోఫా మీద, ఇంకోటి నా మంచం మీద. రోజులో ముప్పాతిక భాగం నిద్రే! గంటకు 70 కిలోమీటర్ల దాకా పరుగెత్తే జాతి ఇదేనా అని ఇంటికొచ్చిన వాళ్లందరూ అడుగుతారు.

ఈ వారం కబుర్లు వాటి గురించే. అయితే పరుగు గురించి కాదు, నడక గురించి.

అమెరికాలో పెంపుడు గ్రేహౌండ్ అంటే చాలావరకు రేసుల నుంచి రిటైరైనదే. నేనుండే ఫ్లోరిడాలో 2018 నవంబరులో ఓటర్లు ఓటేసి మరీ కుక్కల పందేలను రద్దు చేశారు. 2020 డిసెంబరు 31తో ట్రాకులు మూతపడ్డాయి. అలా ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన వాటిలో మా చిట్టి ఒకటి. దాని కుడి చెవిలో '68సి' అని పచ్చబొట్టు ఉంటుంది. 2018 జూన్‌లో పుట్టింది, ఆ ఈతలో పచ్చబొట్టు పడిన మూడో పిల్ల అని అర్థం. దాని ఆధార్ కార్డు చెవిలోనే ఉందన్నమాట. రెండోవాడు బండోడు. పేరుకే బండోడు, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

వీటితో నేను ఆడుతున్న ఆట పేరు ర్యాలీ. అమెరికన్ కెనెల్ క్లబ్ 2005 నుంచి దీనికి టైటిళ్లు ఇస్తోంది. రింగులో వరుసగా నంబర్లు వేసిన బోర్డులు పెడతారు. 'ఆగు, కుక్క కూర్చోవాలి', 'కుడివైపు గుండ్రంగా తిరుగు', 'కోన్‌ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ నడు', 'ఇక్కడి నుంచి నెమ్మదిగా'... ఇలా ఒక్కో బోర్డుకి ఒక్కో పని. మొదటి లెవెల్ నోవిస్‌లో 10 నుంచి 15 బోర్డులుంటాయి. కుక్క మన ఎడమ పక్కనే నడవాలి. మొత్తం 100 మార్కులు, పాసవ్వాలంటే 70. కనీసం ఇద్దరు జడ్జీల దగ్గర మూడుసార్లు పాసైతే టైటిల్.

నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది. టైమ్ నోట్ చేస్తారు గానీ, ఇద్దరికి సమానంగా మార్కులొచ్చినప్పుడే దాన్ని చూస్తారు. సెకనులో నూరో వంతు తేడాతో గెలుపోటములు తేలే చోటి నుంచి వచ్చిన కుక్కకి, 'నిదానంగా రా తల్లీ, ఏం తొందర లేదు' అని చెప్పే పోటీ ఇది.

వినడానికి బాగుంది కదా? చిక్కంతా కూర్చోవడం దగ్గరొచ్చింది.

మామూలు కుక్కలకి కూర్చోవడం పుట్టుకతో వచ్చిన విద్య. గ్రేహౌండ్‌కి తొడ కండలు బాగా బలిసి ఉంటాయి. ఆ కాళ్లు మడిచి కూర్చోవడం చాలావాటికి ఇబ్బంది. పైగా ట్రాకులో 'కూర్చో' అన్నవాళ్లే ఉండరు. అయితే నిలబడతాయి, లేదంటే పడుకుంటాయి. ర్యాలీలోనేమో కూర్చోమనే బోర్డులు ఎక్కువ. ఒక బోర్డు తప్పితే 10 మార్కులు పోతాయి. ఇంకోసారి ప్రయత్నిస్తామంటే ఒప్పుకుంటారు, దానికి 3 మార్కులు కోత. అంటే మూడు బోర్డులు పోయినా, మిగతాదంతా సరిగ్గా చేస్తే 70తో గట్టెక్కుతాం. నాలుగోది పోయిందా, ఇంటికే.

ఈ సంగతి గుంటూరులో ఉన్న అమ్మకి ఫోన్‌లో చెప్పాను.

"ఏమే, కుక్కకి కూర్చోవడం నేర్పించడానికి డబ్బులు కట్టి క్లాసుకెళ్తున్నావా? మన వీధిలో ఎర్రకుక్క అన్నం గిన్నె చూడగానే కూర్చుంటుంది!"

"అది రేసు కుక్క కాదు కదమ్మా."

"అయితే దాన్నే పంపిస్తాను, నీ కప్పులన్నీ అదే తెస్తుంది."

నిజానికి ఎర్రకుక్క కూడా ఆడొచ్చు. జాతి తెలియని కుక్కల్ని కూడా విడిగా నమోదు చేసుకుని ఈ పోటీల్లోకి రానిస్తారు. వీసా ఒక్కటే ఇబ్బంది.

సరే, ఎలా నేర్పాలి? నడుము మీద చెయ్యేసి కిందికి నొక్కడం మాత్రం వద్దు. నొప్పి పుడుతుంది, మన మీద నమ్మకం పోతుంది. ముందు మెత్తటి పరుపు మీద పడుకోమంటాం. తర్వాత చికెన్ ముక్కని ముక్కు దగ్గర నుంచి మెల్లగా పైకీ వెనక్కీ తీసుకెళ్తే ముందు కాళ్ల మీద లేస్తుంది. ఆ క్షణంలో అది కూర్చున్నట్టే. ముక్క ఇచ్చేయాలి. రెండు నిమిషాలు, అంతే. పదిసార్లు చేయిస్తే గ్రేహౌండ్ విసుగొచ్చి అటు తిరిగి పడుకుంటుంది. చిట్టికి నున్నటి నేల మీద కూడా కూర్చోవడం రావడానికి నాలుగు నెలలు పట్టింది.

బండోడి కథ వేరు. వాడికి ట్రాకులో ఉన్నప్పుడే వెనక కుడికాలి మడమ దగ్గర ఎముక విరిగింది. ట్రాకులో ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతారు కాబట్టి మలుపుల్లో బరువంతా ఆ కుడికాలి మీదే పడుతుంది. రేసు కుక్కల్లో అది మామూలుగా కనిపించే దెబ్బే. వాడు కూర్చోగలడు. కూర్చుంటే మాత్రం ఆ కాలు పక్కకి జాపి, చెవులు వెనక్కి పెడతాడు. ఆ చెవులు చాలు నాకు. వాడి పేరు మీద ఇంతవరకు పోటీ ఫారం నింపలేదు. ఇంట్లో మాత్రం కూర్చోమనే బోర్డులన్నీ తీసేసి, మిగతావాటితో వాడూ ఆడతాడు. తోక ఊపుడులో చిట్టి కన్నా వాడికే ఎక్కువ మార్కులు.

రింగులో ఇంకో గండం ఉంటుంది. కొత్తది ఏదైనా కనిపిస్తే గ్రేహౌండ్లు ఉన్నచోటే రాయిలా నిలబడిపోతాయి. చిట్టి మూడో పోటీలో ఏడో బోర్డు దగ్గర అదే జరిగింది. హాల్ చివర ఏదో పరదా కదిలింది. అంతే, విగ్రహం. లీష్ బిగిస్తే మార్కులు పోతాయి. కుక్కని తాకకూడదు. రింగులోకి తిండి తీసుకెళ్లకూడదు. మనకి మిగిలింది నోరొక్కటే. ఈ ఆటలో ఎంతసేపైనా మాట్లాడొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, మెచ్చుకోవచ్చు. గదమాయిస్తే మాత్రం కోత పడుతుంది.

"చిట్టీ, చూశావుగా, పరదానే. రా తల్లీ, పోదాం పద."

ఒక చెవి ఇటు తిరిగింది. తర్వాత తల. తర్వాత మొత్తం చిట్టి. 78 మార్కులతో మూడో పాస్, నోవిస్ టైటిల్.

ఇప్పుడు అసలు ప్రశ్న. తర్వాతి మెట్లలో అడ్వాన్స్‌డ్ ఉంది. అక్కడ లీష్ తీసేయాలి, చిట్టి లాంటి ఎత్తు కుక్కలు 16 అంగుళాల అడ్డు కూడా దూకాలి. దూకడం దానికి లెక్కే కాదు. భయమంతా లీష్ గురించే. గ్రేహౌండ్ వాసనతో కాదు, కళ్లతో వేటాడుతుంది. దూరంగా ఉడత కదిలినా కాళ్లు ముందు వెళ్లిపోతాయి, చెవులు తర్వాత వింటాయి. రింగు చుట్టూ ఉండే పొట్టి కంచె దానికి ఒక గెంతు. ఆ కంచె అవతల తలుపు తెరిచి ఉంటే? తలుపు అవతల రోడ్డు ఉంటే?

క్లాసులో తోటివాళ్లు 'నీ కుక్క రెడీ, ఎంట్రీ ఇచ్చేయ్' అంటున్నారు. టైటిల్ అంటే నాకూ ఆశే. కానీ కంచె ఉన్న మైదానంలో నేను పిలిచిన ప్రతిసారీ చిట్టి వెనక్కి రావడం లేదు. పదిలో ఏడుసార్లు వస్తోంది. 70 మార్కులకి ర్యాలీలో పాస్. రోడ్డు దగ్గర 70కి పాస్ లేదు. అందుకే ఈ ఏడాది లీష్‌తోనే ఆడే ఇంటర్మీడియట్‌కి పేరిచ్చాను. పదికి పదీ వచ్చిన రోజున, తలుపులు మూసి ఉండే హాల్లో అడ్వాన్స్‌డ్ ఆలోచిస్తాను. ఆ రోజు రాకపోతే రాదు. దానికేం పరువు నష్టం లేదు.

మీకూ ఆడాలనుందా? గ్రేహౌండ్ అక్కర్లేదు. పాత క్యాలెండర్ కాగితాల వెనక 'ఆగు', 'కుడివైపు తిరుగు', 'నెమ్మదిగా', 'మూడడుగులు వెనక్కి' అని ఆరు బోర్డులు రాసి, సాయంత్రం నేల చల్లబడ్డాక పిట్టగోడ ఉన్న మేడ మీద పెట్టండి. జేబులో కాసిని ఉడికించిన చికెన్ ముక్కలు. ఒక్కసారి చుట్టూ తిరగండి. ఎక్కడైనా మీ కుక్క ఆగిపోతే లాగకండి, ఎందుకు ఆగిందో చూడండి. కాలు నొప్పా, నేల కాలుతోందా, భయమా? అది తెలిసిందంటే ఆ రోజు మీరు పాసైనట్టే.